లడి లోపలి నూలు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను రెండే అడుగుతారు. ప్రమోషన్ ఎప్పుడొస్తుంది, ట్రాన్స్‌ఫర్ ఎట్లా ఆపుకోవాలి. రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. నేను జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. మధ్యలో ఒకటి రెండు ఊళ్లు తిప్పారు గాని మళ్లీ అక్కడికే తెచ్చి పడేశారు, అక్కడే రిటైరయ్యాను. మాది గంభీరావుపేట. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు తలా ఒక కారణం చెప్పి పంపించాను.

నేను చెప్పగలిగింది ఒక్క పని గురించే. బంగారు నానో రేణువులకు ఇంకో అణువును అతికించే పని. ఏళ్ల తరబడి చేశాను, నాకు వచ్చు అనుకున్నాను. రాదని తెలిసేసరికి సిరిసిల్లలో ఒక చిన్నపాప నాలుగు నెలలు తాగకూడని నీళ్లు తాగింది. ఆ నీళ్లు తాగొచ్చని చెప్పింది నేనే. నా వీడ్కోలు సభలో చాలామంది మాట్లాడారు, ఈ సంగతి ఎవరూ మాట్లాడలేదు. వాళ్లకు తెలియదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఎర్రగా ఉండే బంగారం

బంగారం ఉప్పును నీళ్లలో కరిగించి, మరిగిస్తూ సిట్రేట్ కలిపితే లేత పసుపు ద్రవం మొదట రంగు పోతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత నిదానంగా దానిమ్మ గింజ రంగుకు తిరుగుతుంది. ఆ ఎరుపంతా బంగారమే, కంటికి కనపడనంత చిన్న రేణువులుగా. మొదటిసారి చూసినప్పుడు నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరికైనా చూపించాలనిపించి వరండాలోకి వచ్చాను. ఎండాకాలం సెలవులు, వరండాలో ఎవరూ లేరు. లోపలికి వెళ్లి నేనే ఇంకాసేపు చూసుకున్నాను.

ఆ రేణువులకు అతికించే అణువును లిగాండ్ అంటాం. నేను వాడిన లిగాండుకు రెండు చేతులున్నాయనుకోండి. ఒక చెయ్యి బంగారాన్ని పట్టుకుంటుంది, రెండో చెయ్యి నీళ్లలో లెడ్, అంటే సీసం, ఉంటే దాన్ని పట్టుకుంటుంది. అట్లా ఒకే లెడ్‌ను పట్టుకున్న రేణువులన్నీ గుంపుగా చేరతాయి. గుంపు కాగానే ఎరుపు పోయి నీలం వస్తుంది. చిన్న గాజుబుడ్డిలో ఎర్రని ద్రవం పోసి, అందులో బావి నీళ్లు కలిపితే చాలు. నీలమైతే తాగొద్దు, ఎర్రగానే ఉంటే తాగొచ్చు. పెద్ద మిషన్ అక్కర్లేదు, హైదరాబాద్ పోనక్కర్లేదు. చెప్పడానికి ఎంత సుఖంగా ఉందో చూడండి.

సిరిసిల్లలో ఆ రోజుల్లో కరెంటు కోతలు ఎక్కువ. కోతలు ఎక్కువ కాబట్టి ఇన్వర్టర్లు ఎక్కువ. ఇన్వర్టర్లు ఎక్కువ కాబట్టి గల్లీల్లో పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే పని కూడా పెరిగింది. మగ్గాలు సరిగా నడవక ఆ పనిలోకి దిగినవాళ్లు ఇళ్ల వెనక, చేదబావి గచ్చు మీదనే బ్యాటరీ పలకలు కడిగేవారు. ఆ పలకలు లెడ్. మా అక్క అత్తగారిల్లు ఆ పక్క గల్లీలోనే ఉండేది కాబట్టి నాకు ఇది కంటపడింది. పన్నెండు బావులు చూడాలని నిర్ణయించుకున్నాను.

ఒక అంకె చెప్పమ్మా

నాకు పీహెచ్‌డీ చేయించిన ప్రొఫెసర్ గారు హైదరాబాద్‌లో ఉండేవారు. ఈ పనికి చిన్న ప్రాజెక్టు ఇప్పించింది ఆయనే. తెలివైన మనిషి, కష్టపడే మనిషి, నా పట్ల అన్యాయం ఎప్పుడూ చేయలేదు. కాని ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ ఫలితం తీసుకుపోయినా, కాగితం పూర్తిగా చదవకుండానే కళ్లజోడు పైకి నెట్టి అడిగేవారు.

“ఒక్కో రేణువుకు ఎన్ని లిగాండ్లు అతుక్కున్నాయి? ఒక అంకె చెప్పమ్మా.”

ఆ అంకె తీయడం తేలిక. ఎంత లిగాండ్ వేశామో తెలుసు. అతుక్కోకుండా ఎంత మిగిలిందో కొలుస్తాం. తేడాను రేణువుల సంఖ్యతో భాగిస్తాం. వచ్చింది సగటు. ప్రతి రేణువుకూ అన్నే ఉన్నాయని ఎవరూ చూడలేదు. కొన్నిటికి కుప్పలుగా ఉండి, కొన్నిటికి ఒక్కటీ లేకపోయినా ఆ అంకె మారదు. ఇది నాకు తెలియదా అంటే తెలుసు. పిల్లలకు సగటు గురించి ఇదే పాఠం బోర్డు మీద చెప్పేదాన్ని. బోర్డు మీద చెప్పేది చేతిలోకి రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఒక అంకె అడిగే బాస్ కింద పదేళ్లు పనిచేస్తే మనం కూడా ఒక అంకెతో తృప్తిపడటం నేర్చుకుంటాం. ఆయనను తప్పుపట్టడం లేదు, నా సంగతి చెప్తున్నాను.

ఖదీర్

మా ల్యాబ్ అసిస్టెంట్ ఖదీర్ కోరుట్ల మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లింట్లో ఉర్దూ, బయట మంచి తెలుగు. రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్ల అబ్బా, అంటే నాన్న, నూలుకు రంగులద్దేవాడు. ఖదీర్ చేతులు కూడా చిన్నప్పుడు మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉండేవట. మిల్లు నూలు రంగుతోనే రావడం మొదలయ్యాక ఆ పని పోయి, ఖదీర్ కాలేజీలో చేరాడు.

గాజుసామాను కడగడంలో అతనికి సాటి లేదు. నానో రేణువుల పనిలో సగం కడగడమే. పాత మరక గోరంత ఉన్నా కొత్త బ్యాచ్ చెడుతుంది. బంగారాన్ని కూడా కరిగించే రాజద్రావకంతో కడగాలి, దాంతో ఒకసారి నా కొత్త చున్నీ జల్లెడైంది. ఖదీర్ ఆ చున్నీని కింద పడేయకుండా మడతపెట్టి ఇచ్చి, “కడుగుడు నాకిడిసిపెట్టుండ్రి మేడం, మీరు లెక్కలు చూస్కోండ్రి” అన్నాడు. అప్పటినుంచి పని అట్లాగే పంచుకున్నాం. నేను అతికించే పనిని లెక్క అనుకున్నాను. అతను దాన్ని మొదటినుంచీ రంగులద్దే పనిగానే చూశాడు. అది నేను చాలా ఆలస్యంగా గ్రహించాను.

సమ్మె

వానలు తగ్గుముఖం పట్టాక పన్నెండు బావుల నీళ్లూ తెచ్చాము. సగం హైదరాబాద్‌లో పెద్ద మిషన్‌కు పంపాలి, సగం నా ఎర్రని బుడ్లతో చూడాలి, రెండూ పోల్చాలి. అది పద్ధతి. ఫలితం వచ్చేదాకా ఆ బావి నీళ్లు తాగొద్దని పన్నెండు ఇళ్లవాళ్లకూ చెప్పి వచ్చాను. వాళ్లు సరేనన్నారు. పది రోజుల్లో తెలుస్తుందని నేనే అన్నాను.

ఆ వారంలోనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, నీళ్ల డబ్బాలు ల్యాబులోనే ఉండిపోయాయి. బొగ్గు గనులవాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు, కరెంటు ఎప్పుడు వచ్చేదో ఎప్పుడు పోయేదో. మా లెక్చరర్లంతా కాలేజీ గేటు ముందు టెంటు వేసి కూర్చున్నారు. సమ్మె కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. మొదటి వారం కూర్చున్నాను కూడా. పాటలు పాడాను, రోడ్డు మీద వండుకుని తిన్నాం. నా జీవితంలో అంతమందితో కలిసి తిన్న వారం అదొక్కటే, నాకు ఎంత బాగుండిందో ఇప్పటికీ గుర్తుంది.

రెండో వారంలో ఫోన్ వచ్చింది. సిరిసిల్ల నుంచి శోభ, పన్నెండు ఇళ్లలో ఒక ఇంటి మనిషి. బీడీలు చేస్తుంది. భర్త రాజేశం బ్యాటరీల పని. నాలుగేళ్ల బిడ్డ స్రవంతి.

“మేడం, పది దినాలన్నరు. ఇగ ఎన్ని దినాలు మోసుడు? రెండు గల్లీల అవుతల నుంచి తెస్తున్న. చేతులు పడిపోతున్నయి. బీడీలు ఎప్పుడు చేసుడు?”

నేను మర్నాడు టెంటులో కూర్చోలేదు. వెనక గేటు నుంచి ల్యాబులోకి వెళ్లాను. పెద్ద మిషన్ దారి మూసుకుపోయింది, నా బుడ్లయినా సిద్ధం చేయాలి. మా ల్యాబులో చేసిన బంగారం రేణువులు నిలవ ఉండవు, చేసిన రోజే లిగాండ్ అతికించాలి. మొదలుపెడితే మధ్యలో ఆపే పని కాదు.

మూడో రోజు ఫిజిక్స్ చెప్పే గంగారెడ్డి సారు కిటికీ దగ్గరికి వచ్చాడు. ముత్యంపేట దిక్కు పెద్ద భూముల ఇంటివాడు, అయినా ఎండలో కింద కూర్చోవడానికి ముందుండేవాడు.

“మేడం, అందరం ఎండల కూసున్నం. మీరొక్కలే లోపట నీడకున్నరు. మంచిగ అనిపిస్తదా?”

“నాకు గూడ తెలంగాణ కావాలె సార్. కని అక్కడ పన్నెండిండ్లోళ్లు నీళ్లు మోస్తున్నరు.”

“సమ్మె అయినంక చూస్కోండ్రి. బావులు యాడికి పోతయి?” అని వెళ్లిపోయాడు.

ఆయన చెడ్డగా అనలేదు. కాని ఆ తర్వాత ఎవరూ కిటికీ దగ్గరికి రాలేదు. బతుకమ్మ రోజులు. మా ఆడ లెక్చరర్లు రోడ్డు మీద బతుకమ్మ ఆడుతుంటే పాట ల్యాబులోకి వినపడేది. నేను టిఫిన్ డబ్బా మూత తీసుకుని, సింక్ పక్కన స్టూలు మీద కూర్చుని తినేదాన్ని. ఒకరోజు పాటతో పాటు నా పెదాలు కదులుతున్నాయని తెలిసి ఏడుపొచ్చింది. ఏడ్చాను, తర్వాత చేతులు కడుక్కుని పని చేశాను.

ఒక్క ఖదీర్ వచ్చేవాడు. పొద్దున టెంటులో హాజరు వేయించుకుని, పదకొండింటికి వెనక గేటు నుంచి లోపలికి. అతన్ని నేను రమ్మనలేదు, అతనూ ఎందుకు వస్తున్నాడో చెప్పలేదు.

లిగాండును చుక్క చుక్కగా వేయాలి. కింద మాగ్నెటిక్ స్టిరర్ తిరుగుతుండాలి, అరగంట పడుతుంది. ఆ రోజు రేణువులు చల్లారేసరికి పన్నెండుకు పది నిమిషాలు. ఆ వారం రోజూ పన్నెండింటికి కరెంటు పోతోంది. రేపటిదాకా ఆగితే రేణువులు ఎట్లా ఉంటాయో తెలియదు, శోభ మళ్లీ ఫోన్ చేస్తుంది. నేను బీకరెత్తి లిగాండంతా ఒక్కసారే పోశాను. అన్నట్టే కరెంటు పోయింది. గాజుకడ్డీతో చేత్తో కలిపాను.

ఖదీర్ చూస్తూ నిలబడ్డాడు.

“ఒక్కపారే గుమ్మరిచ్చిండ్రు మేడం. గిది ఒక్క తీరుగ అంటదు.”

“కలుపుతున్న గద.”

“అంటినంక కలిపితె ఏమైతది? మా అబ్బా అయితె నూలు లడి విప్పి చూస్తుండె.”

నాకు విసుగొచ్చింది. టెంటు వైపు నుంచి నవ్వులు వినపడుతున్నాయి, నా భుజం నొప్పి పుడుతోంది, ఇతను లడి అంటాడు. సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చాక మిగిలిన లిగాండ్ కొలిచాను. సగటు ఎప్పుడూ వచ్చేంతే వచ్చింది. కాగితం ఖదీర్ ముందు పెట్టాను.

“చూడు. అంకె వచ్చింది. ఇంకేం చూస్తవ్?”

అతను కాగితం చూడలేదు. “జర పల్చటి లెడ్ నీళ్లతోని గూడ చూడుండ్రి మేడం” అన్నాడు. నిజానికి అది నేను చేయాల్సిన పనే. కాని పల్చన చేయడానికి డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది, తయారుచేసే మిషన్‌కు గంటల తరబడి ఆగని కరెంటు కావాలి. చేతిలో ఉన్నది చిక్కటి లెడ్ ద్రావణం. దాంతో చూశాను, బుడ్డి నీలమైంది. చాలనుకున్నాను.

తాగొచ్చు

మర్నాడు స్కూటీ మీద బుడ్లు పెట్టుకుని బయల్దేరాను. ల్యాబులో ఉన్నది వారాల నాటి నీళ్లు, తాజా నీళ్లతో ఇంటివాళ్ల కళ్లముందే చూడాలనుకున్నాను. వేములవాడ రోడ్డు మీద రాస్తారోకో అంటే కోరుట్ల మీదుగా చుట్టు తిరిగి పోయాను. చందుర్తి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. బండి ఆపారు. ఎక్కడికి పోతున్నావని కూడా అడగకుండా ఒక పెద్దమ్మ విస్తరాకు ముందేసి, “తిని పో బిడ్డా” అంది. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య కూర్చుని పప్పన్నం తిన్నాను. మా టెంటు వాళ్లు పెట్టకపోయినా ఎవరో పెట్టారు అనుకుంటూ లేచాను.

శోభ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. స్రవంతి పక్కన కూర్చుని దారం ముక్కలు ఏరుతోంది. మా దిక్కు ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతికి నీళ్లిస్తారు. శోభ లేచి, మోసుకొచ్చిన నీళ్లలోంచే ఒక గ్లాసు నాకిచ్చింది. తర్వాత బావి నుంచి చేదెడు నీళ్లు తోడింది. బుడ్డిలో వేశాను. పది నిమిషాలు ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. రంగు మారలేదు. అడుగున ఆవగింజలో సగమంత నల్లటి మడ్డి కనపడింది. బావి మట్టి అనుకున్నాను.

“ఎర్రగనే ఉంది మేడం. తాగచ్చునా?”

“తాగొచ్చు.”

ఆమె ఆ చేదలోంచే గ్లాసు ముంచి, తాను తాగి, మిగిలింది బిడ్డకు తాగించింది. నావైపు చూసి నవ్వింది. నేను ఆ సమ్మెలో నావల్ల ఒక పని అయిందని గర్వపడ్డాను. మిగతా పదకొండు ఇళ్లలోనూ ఎర్రగానే ఉంది, పదకొండు చోట్లా అదే మాట చెప్పాను.

మిషన్ చెప్పింది

సమ్మె అయిపోయింది, బస్సులు నడిచాయి, నీళ్లు హైదరాబాద్ పోయాయి. అక్కడ వరుసలో ఆగి ఆగి, చలికాలం పోయాక ఫలితం వచ్చింది. పదకొండు బావులు మంచివి. పన్నెండోది, శోభ వాళ్లది, అందులో లెడ్ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. లెక్క తీస్తే నా బుడ్లు పన్నెండింటికి పదకొండు సరిగా చెప్పాయి, ఏ సభలోనైనా చప్పట్లు కొడతారు.

ముందు రాజేశానికి ఫోన్ చేసి ఆ నీళ్లు ముట్టొద్దన్నాను. తర్వాత ప్రొఫెసర్ గారికి చేశాను.

“బ్యాచ్ సగటు సరిగానే ఉంది కదమ్మా,” అన్నారు ఆయన. “కిట్‌కు ఒక పరిమితి ఉందని రాద్దాం.”

పొద్దున్నే సిరిసిల్ల పోయాను. శోభ చాట పక్కన పెట్టలేదు, ఆకు చుడుతూనే విన్నది. తప్పు నాదని చెప్పాను. రాజేశం గోడకానుకుని, “గచ్చు మీద కడిగింది నేను గద మేడం” అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను తప్పించుకోవచ్చు. కడిగింది అతనే. కాని తాగొద్దని చెప్పినన్నాళ్లు వాళ్లు చేతులు పడిపోయేలా మోసి తెచ్చుకున్నారు. మళ్లీ తాగింది నేను చెప్పాకనే.

చుట్టిన బీడీకి దారం కట్టి శోభ అంది. “మీరు చెప్పిండ్రని తాగినం.”

అరవలేదు, ఏడవలేదు. ఆ రోజు నా చేతికి నీళ్లు రాలేదు. వేరే ఎవరింటికైనా పోయినా నేను గమనించేదాన్ని కాదేమో, అక్కడ గమనించాను.

కరీంనగర్‌లో పాప రక్తం పరీక్ష చేయించాం. లెడ్ ఎక్కువే ఉంది. పాపకు అప్పటికే కడుపునొప్పులు, తిండి సయించదు, ముఖం పాలిపోయింది. డాక్టర్ మంచివాడే, మందు రాశాడు. ఇంట్లో ఏం మార్చాలో చెప్పాడు. చివర్న ధైర్యం చెప్పడానికి, “ఎక్కువమంది పిల్లలు బాగానే కోలుకుంటారమ్మా” అన్నాడు.

శోభ కుర్చీలోంచి లేవలేదు. “ఎక్కువ మంది పిల్లల ముచ్చట నాకెందుకు సార్. నా బిడ్డ సంగతి చెప్పుండ్రి.”

డాక్టర్ కలం పట్టుకుని కాగితం వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. పదేళ్లుగా నేను అడగాల్సిన ప్రశ్న ఆమె ఒక్కసారిలో అడిగింది.

లడి

తిరిగి వచ్చాక ఆ బ్యాచ్‌లో మిగిలిన బుడ్లు ఖదీర్ ముందు పెట్టి, ఏం చూడాలో చెప్పమన్నాను. ఇన్నేళ్లలో అతన్ని అట్లా అడగడం అదే మొదటిసారి.  మర్నాడు కోరుట్ల నుంచి రెండు తెల్ల నూలు లడీలు, కాగితంలో కొంచెం రంగు తెచ్చాడు. లడి అంటే నూలును చుట్టలా చుట్టి ముడేసింది. ఒకదాన్ని నీళ్లలో నానబెట్టి, పిండి, రంగు కొంచెం కొంచెం పోస్తూ తిప్పాడు. రెండోదాన్ని పొడిగానే రంగంతా ఒక్కసారి పోసిన తొట్టిలో ముంచాడు. రెండు తొట్లలోనూ చివరికి నీళ్లు రంగు పోయి తేటపడ్డాయి. రెండు లడీలూ ఒకేంత రంగు తాగాయి. పైనుంచి చూస్తే రెండూ ముదురు ఎరుపే.

“ఇప్పుడు విప్పుండ్రి మేడం.”

విప్పాను. మొదటిది లోపలిదాకా ఒకటే. రెండోదాని ముడి కింద పోగులు దాదాపు తెల్లగా ఉన్నాయి.

“మీదున్న పోగులే రంగంత గుంజుకున్నయి. లోపటోటికి ఏం మిగల్లె. లెక్క మాత్రం సరిపోయింది” అన్నాడు ఖదీర్.

తర్వాత మా బుడ్లు చూశాం. శోభ బావిలో ఉన్నంత పల్చన లెడ్ వేసి నిలబెట్టాం. నేను పోసినచోటికి దగ్గరున్న రేణువులు లిగాండంతా పట్టేసుకున్నాయి. అవి లెడ్‌తో గుంపు కట్టి అడుక్కి దిగాయి. ఆవగింజలో సగమంత మడ్డి. ఏమీ దక్కని మిగతా రేణువులు, చాలా ఎక్కువ భాగం, పైన ఎర్రగా తేలుతూనే ఉన్నాయి. ఆ రోజు శోభ ఇంట్లో బుడ్డి నాకు నిజమే చెప్పింది, అడుగున చెప్పింది. నేను పైన చూశాను.

పిల్లలూ, పద్ధతి ఇంతే. లిగాండును పల్చగా చేసి, చుక్క చుక్కగా, ఆగకుండా కలుపుతూ వేయండి. ఒక మనిషి పోయాలి, ఒక మనిషి కలపాలి. సగటు తీయండి, కాగితం మీద రాయండి, దాన్ని నమ్మకండి. అన్నిటికంటే పల్చటి లెడ్‌తో చూడండి, ఎందుకంటే మీ పని విఫలమయ్యేది అక్కడే. కరెంటు పోతే బ్యాచ్ పారబోయండి. ఫోన్ చేసినవాళ్లకు ఇంకో వారం అని చెప్పండి. తిడతారు, తిట్టించుకోండి. కడిగే మనిషి ఏదైనా అంటే చేతిలో పని ఆపి వినండి.

ఈ సంగతంతా రిపోర్టులో రాశాను. ప్రొఫెసర్ గారు ఆ భాగం తీసేయమన్నారు, నేను తీయలేదు. ఈ పని మీద ఆయన అచ్చు వేయించిన వ్యాసం నా పేరు లేకుండా వచ్చింది. ఆయనతో మాటలు తగ్గి తగ్గి ఆగిపోయాయి. ఆయన పోయినప్పుడు నాకు పేపర్లో తెలిసింది.

రాష్ట్రం వచ్చిన రోజు గంగారెడ్డి సారు స్వీట్ డబ్బాతో ల్యాబుకే వచ్చాడు. “మీరెందుకు లోపట కూసున్నరో అప్పుడు అడగకపోతిమి మేడం” అన్నాడు. చెప్పాలనిపించింది. స్వీట్ తీసుకుని, థాంక్స్ సార్ అన్నాను. ఖదీర్ రిటైరై కోరుట్లలో ఉండిపోయాడు. ఆ తర్వాత పోయడానికి ఒక మనిషి, కలపడానికి ఒక మనిషి లేక, సెలైన్ గొట్టం వేలాడదీసి చుక్కలు పడేట్టు చేసుకున్నాను. ఆ ఏళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా వినపడిన చప్పుడు ఆ చుక్కలదే.

ఆఖరి నమూనా

మూడు నెలలకోసారి సిరిసిల్ల పోతూనే ఉన్నాను. రాజేశం బ్యాటరీల పని మానేశాడు. బావి నీళ్లు తాగడం ఎప్పుడో ఆగింది, ఇప్పుడు నల్లా వచ్చింది. అయినా రెండూ చూసేదాన్ని. శోభ రమ్మనలేదు, రావొద్దనలేదు. గచ్చు మీద కూర్చుని బుడ్లు పెట్టుకునేదాన్ని, ఆమె చాట దగ్గర పని చేసుకునేది. ఎండలో వచ్చినా నా చేతికి ఎప్పుడూ నీళ్లు రాలేదు, నేను అడగలేదు, దాహమైతే గల్లీ చివర ఆగి నా బాటిల్‌లోవి తాగేదాన్ని. ఇన్నేళ్లూ.

స్రవంతి పెరిగింది. నిదానం పిల్ల. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, లెక్కలు రాలేదు, పదో తరగతి రెండుసార్లు పోయింది. అది ఆ నాలుగు నెలల వల్లనా, అంతకుముందు నాన్న గచ్చు మీద కడిగినదాని వల్లనా, ఏదీ కాదా, ఎవరూ చెప్పలేరు. నేను చెప్పలేనని చెప్పడానికి కూడా నాకు నోరు రాదు. నేను బుడ్లు పెట్టినప్పుడల్లా పక్కన కూర్చునేది. “పైన రంగు చూసుడు కాదు, అడుగు చూడాలె” అని చెప్పేదాన్ని. బుడ్డిని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, చాలాసేపు అడుగు చూసేది. చూసి, “ఏం లేదు మేడం” అనేది. ఆ ఒక్క పనిలో ఆ పిల్ల తొందరపడగా నేను చూడలేదు.

రిటైరయ్యే ముందు వారం ఆఖరిసారి పోయాను. పని అయ్యాక చెప్పాను.

“శోభా, ల్యాబు తాళాలిచ్చేస్తున్న. ఇగ నేను రాలేను.”

శోభ చేతిలో ఆకు ఆగింది. “మరి ఎవలు చూస్తరు?”

బుడ్లు సంచిలో సర్దుకుంటున్నాను. శోభ లోపలివైపు తిరిగి బిడ్డతో చిన్నగా ఏదో అంది. స్రవంతి గాజు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. నేరుగా ఇవ్వలేదు. గడపలో ఆగి, గ్లాసు వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, అడుగు చూసింది. తన పద్ధతిలో చాలాసేపు చూసింది. తర్వాత నా ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

నేను అందుకోలేక కూర్చున్నాను.

శోభ చాటలోంచి తలెత్తలేదు.

“తాగుండ్రి మేడం. అది చూసింది.”